మైనస్ 28 డిగ్రీల చలిలో ఆరుబయట కట్టేసిన స్లెడ్ కుక్కలు: ఇది హింసేనా?

ఔలు_వాసి
ఫిన్లాండ్‌లోని ఔలు నగరంలో ఉద్యోగం చేస్తున్నాను. డిసెంబరులో అమ్మానాన్నలు వచ్చినప్పుడు, ఇక్కడికి వచ్చే మనవాళ్ళందరూ చేసే పనే మేమూ చేశాము. రొవానియెమి దాటి ఉత్తరాన ఒక కెన్నెల్‌లో, అంటే కుక్కల పెంపకశాలలో, హస్కీ కుక్కలు లాగే మంచుబండి (స్లెడ్) సఫారీకి టికెట్లు తీసుకున్నాము. ఆ ఉదయం మైనస్ 28 డిగ్రీలు ఉంది. వందకు పైగా కుక్కలు, ఒక్కొక్కదానికి ఒక చెక్క గూడు, ఒక ఇనుప కడ్డీ, ఆ కడ్డీకి గొలుసు. కొన్ని గూటిలోకి కూడా వెళ్ళకుండా పైకప్పు మీదే ముడుచుకుని పడుకున్నాయి. మనిషి చేతిలో హార్నెస్ (బండి లాగడానికి తొడిగే పట్టీలు) కనిపించగానే అన్నీ ఒక్కసారిగా గంతులు వేస్తూ చెవులు చిల్లులు పడేలా అరవడం మొదలుపెట్టాయి. ఒక్కటి మాత్రం అరవకుండా ముందుకాలి వేళ్ళ మధ్య అదేపనిగా నాకుకుంటూ కూర్చుంది. అమ్మ దానినే చూస్తూ కాసేపు నిలబడి, "నోరు లేని జీవాలను ఈ మంచులో కట్టేసింది చాలక, వాటి చేత నన్ను కూడా లాగించుకోవాలా?" అని బండి ఎక్కకుండా వెనక్కి వచ్చేసింది. గైడును అడిగితే "పరుగంటే వాటికి ప్రాణం" అని ఒక్క మాట చెప్పి తరువాతి బృందం దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరిలో హైదరాబాదు నుంచి మిత్రులు వస్తున్నారు, వాళ్ళకూ ఇదే కావాలట. అంత చలిలో వాటిని బయట ఉంచడం నిజంగా హింసేనా? కాకపోతే, మంచి కెన్నెల్ ఏదో, చెడ్డది ఏదో ఒక్క పూట చూసి వెళ్ళే మాలాంటివారు ఎలా తెలుసుకోవాలి?

చలిమిడి
మైనస్ 28లో నన్ను కట్టేస్తే అంతకంటే గట్టిగానే అరుస్తాను. ప్రశ్న మాత్రం న్యాయమైనది, జవాబుల కోసం నేనూ ఇక్కడే కూర్చుంటున్నాను.

నోరులేనివారి_తరఫున
మీ అమ్మగారికి అర్థమైన విషయం ఆ గైడుకు అర్థం కాలేదు, లేదా అర్థం కానట్టు నటించాడు. రోజంతా గొలుసుకు కట్టి ఉన్న జంతువు విడిపించే మనిషి కనిపించగానే గంతులు వేస్తుంది. దానిని పని మీద ప్రేమ అనుకోవడం మన సౌకర్యం కోసం మనం చెప్పుకునే మాట. నన్ను అడిగితే ఇది హింసే, మీ మిత్రులకు అక్కడ ఉత్తరకాంతి చూపిస్తే చాలు.

ఫెయిర్‌బ్యాంక్స్_రావు
అలాస్కాలో చాలా కాలంగా ఉంటున్నాను, చలికాలంలో ఇక్కడి పందేలకు స్వచ్ఛందంగా పని చేస్తుంటాను. పై సభ్యుల ఆవేదనను కాదనను గాని, ఆవేదన తప్పు చోట నిలబడి ఉంది. మనకు చలి కష్టం కాబట్టి వాటికీ చలే కష్టం అనుకుంటున్నాము. స్లెడ్ కుక్కకు అసలు శత్రువు వేడి. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయట పెట్టి రొప్పడమే దానికి ఉన్న ముఖ్యమైన మార్గం. పరుగులో కండరాలు పుట్టించే వేడి అంతా ఆ మార్గాన పోవాలి, అందుకే గట్టిగా పరుగెత్తిన కుక్క శరీర ఉష్ణోగ్రత చుట్టూ మంచు ఉన్నా 40 డిగ్రీలు దాటుతుంది. ఇక్కడి మషర్లు, అంటే కుక్కల బండి నడిపేవారు, మైనస్ 20, 25 ఉంటే సంతోషిస్తారు. సున్నాకు దగ్గరగా వచ్చిందంటే వేగం తగ్గిస్తారు, ఎండ తగ్గేదాకా ఆగి రాత్రిపూట నడుపుతారు. గూడు ఉన్నా పైకప్పు మీద పడుకుంటున్నాయంటే వాటికి ఆ చలి ఇంకా లెక్కలోకి రాలేదని అర్థం.

అంతమాత్రాన అన్నీ బాగున్నాయని నేను అనడం లేదు. చలిని చూసి కంగారు పడితే అసలు అడగవలసినవి అడగము.

పశువైద్యుడు_తిరుపతి
రావు గారు చెప్పినదానికి కొంచెం శరీరశాస్త్రం చేరుస్తాను. ఈ కుక్కలకు రెండు పొరల బొచ్చు ఉంటుంది. పైన నీటిని, మంచును ఆపే గరుకు వెంట్రుకలు, లోపల గాలిని పట్టి ఉంచే మెత్తని ఉన్ని. తోకను ముక్కు మీదికి చుట్టుకుని పడుకోవడం వల్ల పీల్చే గాలి కొంత వెచ్చబడుతుంది. పాదాల సంగతి ఇంకా ఆసక్తికరం. పాదంలోకి వేడి రక్తం తెచ్చే ధమనుల చుట్టూ, చల్లబడిన రక్తాన్ని వెనక్కి తీసుకుపోయే సిరలు అల్లుకుని ఉంటాయి. ఆ వేడి ఇటు నుంచి అటు మారిపోవడం వల్ల పాదం గడ్డకట్టదు, ఒంట్లోని వేడి నేలపాలు కాదు. 2011లో జపాన్ పరిశోధకులు ఈ అమరికను వివరంగా చూపించారు.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. స్లెడ్ కుక్కలన్నీ ఒకటి కావు. గ్రీన్‌లాండ్ కుక్కకు, సైబీరియన్ హస్కీకి ఉన్న బొచ్చు పందేల కోసం వేటకుక్కలతో సంకరం చేసిన యూరోహౌండ్ వంటి పొట్టి బొచ్చు కుక్కలకు ఉండదు. పందేల్లో ఎక్కువగా కనిపించే అలాస్కన్ హస్కీ కూడా ఒక జాతి కాదు, పనిని బట్టి తరతరాలుగా ఎంపిక చేసిన సంకరమే. 20 నుంచి 25 కిలోల బరువు, పలుచని ఒళ్ళు, ఒక్కొక్కదానికి ఒక్కో రకం బొచ్చు. అలాంటి వాటికి మైనస్ 35లో దళసరి గూడు, కోటు లేకుండా రాత్రి గడపమనడం నిర్లక్ష్యమే. అందువల్ల "హస్కీలు కదా, వాటికేం కాదు" అనే మాటను నేను ఒప్పుకోను.

ఔలు_వాసి
మేము చూసినవాటిలో సగానికి పైగా సినిమాల్లో కనిపించే హస్కీల్లా లేవు. సన్నగా, చెవులు వాల్చుకుని ఉన్నాయి. తిండి పెట్టడం లేదని నాన్న అప్పుడే అనుమానపడ్డారు.

పశువైద్యుడు_తిరుపతి
సన్నగా ఉండటం ఒక్కటే తిండి లేదనడానికి రుజువు కాదు. చేయి పెట్టి చూడాలి. పక్కటెముకలు వేళ్ళకు తగలాలి గాని వాటి మీద పలుచని కండపొర ఉండాలి, తుంటి ఎముకలు కత్తుల్లా పొడుచుకు రాకూడదు. బొచ్చు మాటున ఇది కంటికి తెలియదు.

ఆల్టా_శిరీష
ఉత్తర నార్వేలోని ఆల్టా దగ్గర ఒక కెన్నెల్‌లో ఒక చలికాలమంతా సహాయకురాలిగా పని చేశాను, అందువల్ల రోజువారీ పని గురించి చెప్పగలను. పొద్దున్నే మొదట చేసేది పేడ ఎత్తడం. నవ్వకండి, కుక్క ఆరోగ్యం గురించి తెలిసేది అక్కడే. మలం పలుచబడిందా, రక్తపు జీర ఉందా, ఎవరిది అసలు కనిపించలేదు అన్నది ఏ గూటి దగ్గర ఏముందో చూసి చెప్పాలి. తరువాత నీళ్ళు. ఆ చలిలో చల్లని నీళ్ళు పెడితే కుక్క ముట్టదు, పెట్టిన గిన్నె నిమిషాల్లో గడ్డకడుతుంది. అందుకని వేడి నీళ్ళలో మాంసం ముక్కలు, కాస్త కొవ్వు వేసి జావలా పోస్తాము. ముక్కల మీద ఆశతో మొత్తం తాగేస్తాయి. చలిదేశంలో కుక్కకు దాహం ఉండదనుకునేవారు చాలామంది ఉన్నారు, నిజానికి పొడిగాలిలో రొప్పుతూ పరుగెత్తే కుక్క ఊపిరి వెంట ఎంతో నీరు పోతుంది. భుజాల మీద చర్మాన్ని చిటికెతో ఎత్తి వదిలితే వెంటనే సర్దుకోవాలి, నెమ్మదిగా దిగిందంటే ఆ రోజు దానికి పరుగు లేదు.

పరుగుకు ముందు, పరుగు తరువాత పాదాలు చూడటం పెద్ద పని. ప్రతి పాదాన్నీ ఒళ్ళో పెట్టుకుని, చేతి తొడుగు తీసేసి, వేళ్ళ మధ్య పొరను విడదీసి వేలితో తడమాలి. అక్కడ మంచు గింజలు గడ్డకట్టి గోళీల్లా తయారవుతాయి, అవి ఒరుసుకుని పొర చీలుతుంది. మొదట సన్నని ఎర్రటి గీత మాత్రమే కనిపిస్తుంది, దానిని వదిలేస్తే మూడో రోజుకు కుక్క కుంటుతుంది. అందుకే పాదాలకు బూటీలు, అంటే చిన్న గుడ్డ తొడుగులు, తొడుగుతాము. బూటీ పట్టీ వదులైతే దారిలో జారిపోతుంది, బిగుతైతే కాలు వాస్తుంది. ఆగిన వెంటనే విప్పకపోతే తడిసిన బూటీ గడ్డకట్టి రక్తప్రసరణను నొక్కేస్తుంది. ఔలు_వాసి గారూ, వేళ్ళ మధ్య నాకుకుంటున్న ఆ కుక్కను ఎవరైనా పట్టుకుని చూశారా? నేను అడిగే మొదటి ప్రశ్న అదే.

ఔలు_వాసి
మేము ఉన్నంతసేపు ఎవరూ చూడలేదు. చివరికి దానిని కూడా ఒక బండికి కట్టారు.

ఆల్టా_శిరీష
అయితే నా దృష్టిలో ఆ కెన్నెల్ అక్కడే తప్పింది. దానికి చలితో సంబంధం లేదు.

గోదావరి_గట్టు
కుక్కపని కుక్క చేయాలి, గాడిదపని గాడిద చేయాలి అన్నారు గాని, కుక్క చేత గుర్రం పని చేయించమని ఎవరూ అనలేదు.

ఫెయిర్‌బ్యాంక్స్_రావు
గుర్రం తినే గడ్డి ఆ దారుల్లో దొరకదు గనుకనే కుక్క ఆ పనికి వచ్చింది. చేపను, సీలు మాంసాన్ని తిని, మంచులోనే పడుకుని లేచి మళ్ళీ లాగగలిగిన జంతువు ఇంకొకటి లేదు. 1925లో అలాస్కాలోని నోమ్ పట్టణంలో డిఫ్తీరియా వ్యాపించినప్పుడు నెనానా నుంచి 674 మైళ్ళ దూరం మందును 20 మంది మషర్లు, సుమారు 150 కుక్కలు చేతులు మార్చుకుంటూ అయిదున్నర రోజుల్లో చేర్చాయి. విగ్రహం పెట్టింది చివరి అంచె నడిపిన బాల్టో అనే కుక్కకు, అందరికంటే కష్టమైన, పొడవైన అంచె లాగింది టోగో అనే కుక్క.

నోరులేనివారి_తరఫున
ఆ పరుగులో దారిలోనే చనిపోయిన కుక్కల గురించి కూడా చెప్పండి, రావు గారూ. దక్షిణ ధ్రువం సంగతీ చెప్పండి. నార్వే అన్వేషకుడు అముండ్‌సెన్ 1911 అక్టోబరులో 52 కుక్కలతో బయలుదేరి 11 కుక్కలతో తిరిగి వచ్చాడు. మిగిలినవాటిలో చాలావాటిని ముందుగా వేసుకున్న లెక్క ప్రకారమే చంపి, మిగతా కుక్కలకు మేపి, తామూ తిన్నారు. వీరగాథలు రాసినవారు కుక్క వైపు నుంచి ఎప్పుడూ రాయలేదు.

ఫెయిర్‌బ్యాంక్స్_రావు
అది నిజం, దానిని ఎవరూ సమర్థించనక్కరలేదు. ఆ కాలంలో కుక్క ఇంధనం. ఇప్పుడు అంటార్కిటికాలో కుక్కలే లేవు. అంటార్కిటికా పర్యావరణ రక్షణ కోసం చేసుకున్న మాడ్రిడ్ ఒప్పందం ప్రకారం 1994 ఏప్రిల్ 1 నాటికి అన్నింటినీ అక్కడి నుంచి తరలించారు. అయితే దానికి చెప్పిన ముఖ్య కారణం కుక్కల సంక్షేమం కాదు, వాటి రోగాలు సీళ్ళకు అంటుకుంటాయేమోనన్న భయం.

చలిమిడి
ఈ వేదికలో అంటార్కిటికా దాకా వెళ్ళి వచ్చిన మొదటి చర్చ ఇదే అయి ఉంటుంది. గొలుసు సంగతి ఎవరూ తేల్చలేదు.

గీతాంజలి_టొరంటో
గొలుసు గురించి చెబుతాను. 2001లో కార్నెల్ విశ్వవిద్యాలయం వారు స్లెడ్ కుక్కలను కొంతకాలం గొలుసుకు కట్టి, కొంతకాలం కంచె గదుల్లో ఉంచి ప్రవర్తనను పోల్చారు. రెండుచోట్లా అవి ఎక్కువ సేపు ఊరికే పడుకునే గడిపాయి, గొలుసు వల్ల ప్రవర్తన మరింత చెడిందనడానికి వారికి ఆధారం దొరకలేదు. మషర్లు ఈ అధ్యయనాన్ని తరచుగా చూపిస్తారు. గొలుసు మీద ఉన్న కుక్క పక్క కుక్కను చూస్తుంది, వాసన పడుతుంది, గూడెక్కి నలువైపులా చూస్తుంది, కంచె గదిలో అయితే కొట్లాటలు వస్తాయి అన్నది వారి వాదన.

నోరులేనివారి_తరఫున
రెండూ సమానం అంటే రెండూ మంచివని అర్థమా? రెండూ సమానంగా చెడ్డవి కూడా కావచ్చు.

గీతాంజలి_టొరంటో
ఆ అభ్యంతరం సరైనదే, నేనూ అక్కడే ఆగుతాను. అందుకే గొలుసు ఉందా లేదా అన్న ప్రశ్న కంటే, రోజులో ఎంతసేపు విప్పుతున్నారు అన్నది నాకు ముఖ్యం. ఇక్కడ కెనడాలో బ్రిటిష్ కొలంబియా 2012లో స్లెడ్ కుక్కల కోసమే ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. కట్టేసిన కుక్కను 24 గంటల్లో కనీసం ఒకసారి విప్పి తిరగనివ్వాలి, తోటి కుక్కలతో, మనుషులతో కలవనివ్వాలి అన్నది వాటిలో ఒకటి. ఆ నిబంధనలు ఊరికే రాలేదు. 2010 చలికాలపు ఒలింపిక్స్ జరిగిన విస్లర్‌లో, పర్యాటకుల రద్దీ తగ్గాక ఒక సఫారీ వ్యాపారానికి అక్కరలేని కుక్కలను పదుల సంఖ్యలో చంపించారు. ఆ పని చేసిన ఉద్యోగి తనకు మానసిక ఆఘాతం కలిగిందని కార్మిక పరిహారానికి దరఖాస్తు చేసుకోవడం వల్లనే విషయం బయటికి పొక్కింది. 2011లో తవ్వి చూస్తే 50కి పైగా కళేబరాలు దొరికాయి. అతనే పరిహారం అడగకపోయి ఉంటే ఈ రోజుకీ ఎవరికీ తెలిసేది కాదు.

నా ఉద్దేశంలో అసలు సమస్య అదే. బండి లాగే రెండు గంటలు కుక్కకు బాగానే గడుస్తాయి. బండి లాగని వేసవి నెలలు, బండి లాగలేని ముసలితనం ఎలా గడుస్తాయన్నది టికెట్ కొన్నవాడికి కనిపించదు.

ఆల్టా_శిరీష
గీతాంజలి గారి చివరి మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. పని చేసే కుక్క సుమారు ఎనిమిది, తొమ్మిదేళ్ళ దాకా లాగుతుంది, ఆ తరువాత ఇంకా కొన్నేళ్ళు బతుకుతుంది. మేము పని చేసిన చోట ముసలి కుక్కలను పిల్లకుక్కల బండికి ముందు కట్టి నేర్పించేవారు, ఆ పనీ మానిన వాటిని ఇళ్ళకు దత్తత ఇచ్చేవారు. దీనికి డబ్బూ ఓపికా కావాలి. కొవిడ్ కాలంలో ఫిన్లాండ్ ఉత్తర భాగమైన లాప్‌లాండ్‌కు పర్యాటకులు రావడం ఆగిపోయినప్పుడు కుక్కల తిండికే విరాళాలు అడిగిన కెన్నెళ్ళు ఉన్నాయి. రాబడి ఆగినా తినే నోళ్ళు ఆగవు కదా. ఒక్క సీజను పోతే కూలిపోయే లెక్కతో వందల కుక్కలను పెంచడమే నాకు భయం కలిగిస్తుంది.

మియాపూర్_మారుతి
మా అపార్టుమెంటులో ఒకరు హస్కీని పెంచుతున్నారు, రోజంతా ఏసీ వేసి ఉంచుతారు. అది స్లెడ్ కుక్క కంటే సుఖంగా ఉన్నట్టా, లేనట్టా?

పశువైద్యుడు_తిరుపతి
ఏసీ గది దాటి బయటికి రాలేని కుక్కకు సుఖం ఉందని నేను అనలేను. వేసవిలో పట్టపగలు నడిపించి వడదెబ్బతో తెచ్చిన హస్కీలను చూశాను. అందుకే తెల్లవారుజామున మాత్రమే తిప్పమనండి, చల్లగా ఉంటుందని బొచ్చు గొరిగించవద్దని చెప్పండి. ఆ బొచ్చు ఎండ నుంచి కూడా కాపాడుతుంది. దీని గురించి వేరే చర్చ మొదలుపెడితే అక్కడ వివరంగా రాస్తాను.

దూరపుచుక్క
నేను పందేల గురించి అడగాలనుకుంటున్నాను. అలాస్కాలో జరిగే ఇడిటరాడ్ పందెంలో వెయ్యి మైళ్ళు పరుగెత్తిస్తారని విన్నాను. సఫారీకి ఒక న్యాయం, దానికి ఒక న్యాయం ఉండదు కదా?

ఫెయిర్‌బ్యాంక్స్_రావు
1973 నుంచి ఆంకరేజ్ వైపు నుంచి నోమ్ దాకా జరుగుతోంది. ఒక్కో జట్టుకు ఇప్పుడు 16 కుక్కల దాకా ఉండవచ్చు, 2019 నుంచి కొన్నేళ్ళు 14 మాత్రమే ఉండేవి. చివరికి కనీసం 5 కుక్కలు బండికి ఉండాలి. గెలిచేవారు తొమ్మిది రోజుల అటూఇటూగా చేరుకుంటారు. దారిలో ఒక 24 గంటల విశ్రాంతి, రెండు 8 గంటల విశ్రాంతులు తప్పనిసరి. బయలుదేరకముందే ప్రతి కుక్కకూ గుండె పరీక్ష, రక్తపరీక్ష చేస్తారు. ప్రతి చెక్‌పాయింటులోనూ పశువైద్యులు గుండె, ఒంట్లో నీటి స్థాయి, ఉత్సాహం, ఆకలి, బరువు, ఊపిరితిత్తులు చూస్తారు. కుక్కకు ఎనిమిది చొప్పున బూటీలు బండిలో లేకపోతే కదలనివ్వరు. అలసిన కుక్కను చెక్‌పాయింటులో అప్పగిస్తే విమానంలో వెనక్కి పంపుతారు.

చలిమిడి
తప్పనిసరిగా 24 గంటల విశ్రాంతి, గుండె పరీక్ష, అలసిపోతే విమానంలో ఇంటికి. మా కంపెనీ మానవ వనరుల విభాగానికి ఈ నిబంధనల ప్రతి ఒకటి పంపించగలరా?

నోరులేనివారి_తరఫున
చలిమిడి గారి హాస్యం బాగుంది గాని మీరు రాజీనామా చేయగలరు, కుక్క చేయలేదు. ఇన్ని పరీక్షలున్న పందెంలోనే 2024లో మూడు కుక్కలు చనిపోయాయి. 2013లో ఉనలక్లీట్ చెక్‌పాయింటులో అప్పగించిన కుక్క రాత్రి గాలికి కొట్టుకొచ్చిన మంచు కింద కూరుకుపోయి ఊపిరాడక చనిపోయింది. అది పరుగెత్తి అలసిపోయి చావలేదు, మనుషుల సంరక్షణలో విశ్రాంతి తీసుకుంటూ చనిపోయింది. అలాస్కా ఎయిర్‌లైన్స్, ఎక్సాన్‌మొబిల్ వంటి పెద్ద సంస్థలు స్పాన్సర్‌షిప్ మానుకున్నాయి. 2022లో నోమ్‌కు దగ్గరలో తుఫాను చెలరేగితే కుక్కలను క్యాబిన్ లోపలికి తీసుకెళ్ళి కాపాడుకున్న మషర్లకు శిక్ష వేశారు. సంక్షేమం అంటే ఇదేనా?

ఫెయిర్‌బ్యాంక్స్_రావు
మీరు చెప్పినవి జరిగినవే. 2013 తరువాత, చెక్‌పాయింటులో అప్పగించిన కుక్కలకు అక్కడ గూళ్ళు పెట్టారు, చూసి వచ్చే వేళలు పెంచారు. అది ముందే చేయవలసిన పని. 2020 నుంచి 2023 వరకు నాలుగు పందేల్లో ఒక్క కుక్కా చనిపోలేదు, ఆ మరుసటి ఏడు మూడు పోయాయి. అంటే ఏటికేడు బాగుపడుతోందని నిశ్చింతగా చెప్పగల స్థితి లేదు.

2022 సంఘటన గురించి మాత్రం కొంచెం వివరించాలి. పశువైద్యుడి పరీక్షకో చికిత్సకో తప్ప కుక్కను కప్పు కిందికి తీసుకెళ్ళకూడదన్నది నిబంధన. లోపల వెచ్చగా పడుకున్న జట్టుకు మిగతావాటి కంటే మంచి విశ్రాంతి దొరుకుతుంది గనుక అది పోటీలో అన్యాయం అవుతుందన్నది నిర్వాహకుల వాదన. ఇద్దరిని స్థానాల్లో కిందికి దించారు, ఒకరికి జరిమానా వేశారు. నా అభిప్రాయం అడిగితే, తుఫానులో ప్రాణం కాపాడుకున్నందుకు స్థానం తగ్గించడం ఆ నిబంధన ఉద్దేశానికే విరుద్ధం. ఈ విషయంలో నేను మీ పక్షమే.

పశువైద్యుడు_తిరుపతి
మరణాల సంఖ్య ఒక్కటే చూస్తే అసలు జబ్బులు కనబడవు. దూరపు పందేల్లో కుక్కలను పీడించేవి ముఖ్యంగా మూడు. ఒకటి, జీర్ణాశయంలో పుండ్లు. పందెం ముగించిన కుక్కలకు ఎండోస్కోపీ చేస్తే దాదాపు సగం వాటిలో కనిపించాయి, వాటిలో చాలావరకు బయటికి ఏ లక్షణమూ చూపలేదు. కడుపులో ఆమ్లం తగ్గించే ఒమిప్రజోల్ వంటి మందులు ఇస్తే తీవ్రత తగ్గుతుందని తరువాత తేలింది. రెండు, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి వచ్చే న్యుమోనియా, ఇది చాలా మరణాలకు కారణం. మూడు, కండరాలు చితికిపోవడం. మూత్రం ముదురు గోధుమరంగులోకి మారిందంటే కండరం కరిగి రక్తంలోకి వస్తోందని అర్థం, అప్పుడిక ఒక్క అడుగు కూడా వేయించకూడదు. మంచు మీద మూత్రం రంగు స్పష్టంగా తెలుస్తుంది, చూసే కన్ను ఉండాలంతే.

తిండి సంగతి వింటే ఆశ్చర్యపోతారు. 1997లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, చలిలో 490 కిలోమీటర్ల పందెం పరుగెత్తిన కుక్కలు రోజుకు సుమారు 11,000 కిలోకేలరీలు తిన్నట్టు లెక్క తేలింది. కష్టపడి పని చేసే మనిషి తినేదానికి అది మూడింతలు, కుక్క బరువు చూస్తే మనిషిలో మూడోవంతు. అందులో ఎక్కువ భాగం కొవ్వు నుంచే రావాలి. ఈ లెక్క తెలియకుండా ఊరి కుక్కకు పెట్టినట్టు పెడితే పది రోజుల్లో అది తన కండను తానే తినేస్తుంది.

దూరపుచుక్క
అంటే ఇంత కష్టం ఎందుకు పెట్టాలి అన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది కదా?

పశువైద్యుడు_తిరుపతి
మిగిలే ఉంది. వైద్యం దానికి జవాబు చెప్పదు. పరుగు వాటికి ఇష్టమే, ఎంత దూరం అన్నది మాత్రం మనిషి నిర్ణయిస్తున్నాడు.

నూక్_నుంచి_వచ్చినవాడు
పరిశోధన పని మీద కొంతకాలం గ్రీన్‌లాండ్‌లో ఉన్నాను. మీరంతా పందేలు, సఫారీల గురించి మాట్లాడుతున్నారు, అక్కడ ఇంకా బతుకుతెరువు కోసం కుక్కలను నడిపే ఊళ్ళు ఉన్నాయి. ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన, అలాగే తూర్పు తీరంలోని తసీలాక్ ప్రాంతంలో, గ్రీన్‌లాండ్ కుక్క తప్ప వేరే జాతిని తేవడానికి వీలు లేదు. ఎదిగిన కుక్కను కట్టి ఉంచాలన్నది కూడా చట్టమే, ఎందుకంటే వదిలిన కుక్కలు పసిపిల్లల మీద పడిన సందర్భాలు ఉన్నాయి. గొలుసు అక్కడ పిల్లల రక్షణ కోసం వచ్చింది. బండికి కట్టే పద్ధతి కూడా వేరు. చెట్లు లేని సముద్రపు మంచు మీద విసనకర్రలా పరిచి ఒక్కో కుక్కకు ఒక్కో తాడు కడతారు, పలుచని మంచు దగ్గర బరువు ఒక్కచోట పడదు.

ఇరవై, ముప్పై ఏళ్ళ కిందటితో పోలిస్తే ఆ కుక్కల సంఖ్య సగానికి పడిపోయి సుమారు 15,000కు వచ్చింది. స్నోమొబైళ్ళు, కుక్కరోగాలు, అన్నింటికీ మించి సముద్రపు మంచు ఆలస్యంగా పట్టి త్వరగా కరగడం. మంచు పట్టే నెలలు తగ్గితే కుక్క పని లేకుండా కట్టి ఉండే నెలలు పెరుగుతాయి, తిండి ఖర్చు మాత్రం పెరగడమే గాని తగ్గదు. అప్పుడు వేటగాడు కుక్కలను తగ్గించుకుంటాడు. ఎలా తగ్గించుకుంటాడో నేను రాయనక్కరలేదు.

గీతాంజలి_టొరంటో
దీనికి ఇంకో వైపు కూడా ఉంది. 1950ల నుంచి కెనడా ఉత్తర ప్రాంతంలో అక్కడి ఆదివాసులైన ఇన్యూట్ ప్రజల కుక్కలను పోలీసులు వేల సంఖ్యలో కాల్చి చంపారు. రోగాలు, భద్రత అని కారణాలు చెప్పారు. కుక్కలు పోయిన కుటుంబాలకు వేట పోయింది, ఊరు వదిలి కదిలే వీలు పోయింది. కెనడా ప్రభుత్వం 2019లో కికిక్తాని ప్రాంతపు ఇన్యూట్‌లకు, 2024లో నునవిక్ ప్రాంతపు ఇన్యూట్‌లకు క్షమాపణ చెప్పింది. కాబట్టి అక్కడివారి దగ్గర కుక్కల సంక్షేమం గురించి బయటివాళ్ళు పాఠాలు చెబితే వాళ్ళు ఎందుకు మొహం చిట్లిస్తారో అర్థం చేసుకోవాలి.

నోరులేనివారి_తరఫున
ఈ ఒక్క విషయంలో నేను వాదించను. వేటకు కుక్కను వాడుకునే ఇంటినీ, ఇన్‌స్టాగ్రామ్ ఫొటో కోసం గంటకు ఇంత అని తీసుకునే వ్యాపారాన్నీ ఒకే గాటన కట్టడం నాకూ ఇష్టం లేదు. వ్యాపారం మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు.

ఔలు_వాసి
చర్చ చాలా దూరం వెళ్ళింది, నాకు చాలా ఉపయోగపడింది. ఫిబ్రవరికి ఏం చేయాలి? వెళ్ళకుండా ఉండటం ఒక దారి అని నోరులేనివారి తరఫున మాట్లాడే మిత్రులు చెప్పారు. వెళితే ఏం అడగాలి?

ఆల్టా_శిరీష
ముందుగా ఈమెయిల్ రాయండి. పని మానిన కుక్కలు ఎక్కడ ఉంటాయి, వాటిని చూడవచ్చా అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబుతోనే సగం కెన్నెళ్ళు వడకట్టుకుపోతాయి. వేసవిలో కుక్కలు ఏం చేస్తాయో, రోజుకు ఎంతసేపు విప్పి ఉంచుతారో, ఒక కుక్క రోజుకు ఎన్ని సఫారీలు లాగుతుందో అడగండి. కుక్కకు ఇన్ని సఫారీలు అని ఎవరూ లెక్క రాసుకోవడం లేదంటే అక్కడికి వెళ్ళకండి.

అక్కడికి చేరాక గూళ్ళలో చూడండి. పొడి గడ్డి ఉండాలి. దుప్పట్లు వేశారని మెచ్చుకోకండి, దుప్పటి ఊపిరి తడికి గడ్డకట్టి పలకలా అవుతుంది. గడ్డి గాలిని పట్టి ఉంచుతుంది, తడిస్తే మార్చడం తేలిక. గొలుసుకు తిరిగే మర ఉందా, గొలుసు మెడకు చుట్టుకోకుండా ఉందా చూడండి. మెడ పట్టీ కింద బొచ్చు ఊడి పుండు పడిందా చూడండి. గైడు కుక్కలను పేర్లతో పిలుస్తున్నాడా, "ఇది నిన్న లాగింది, ఈ రోజు దీనికి సెలవు" వంటి మాటలు అతని నోట వస్తున్నాయా గమనించండి. బండి మీద మీరు చేయవలసింది కూడా ఉంది. ఎత్తు వచ్చినప్పుడు దిగి తోయాలి, పల్లంలో బ్రేకు మీద నిలబడి బండి కుక్కల కాళ్ళ మీదికి పోకుండా చూడాలి. ఎక్కే ముందు ఇది నేర్పని చోట కుక్కకే కాదు, మీకూ ప్రమాదమే.

మియాపూర్_మారుతి
బండికి ఇద్దరు ఎక్కవచ్చా? మా మిత్రుల్లో ఒకరు 110 కిలోలు ఉంటారు, ఆయన తరఫున అడుగుతున్నాను.

ఆల్టా_శిరీష
బరువు ముందే చెప్పమనండి. సాధారణంగా ఇద్దరు పెద్దవాళ్ళకు నాలుగు నుంచి ఆరు కుక్కలు కడతారు, బరువు, మంచు మెత్తదనం చూసి ఒకటి రెండు పెంచుతారు. బరువు అడగకుండా అందరికీ ఒకే లెక్కన కట్టే చోట ఆయన ఎక్కకపోవడమే మంచిది.

ఫెయిర్‌బ్యాంక్స్_రావు
వెళ్ళే రోజు ఉష్ణోగ్రత కూడా చూసుకోండి. మైనస్ 25 ఉందని వెనక్కి తగ్గవద్దు, ప్లస్ 3 ఉండి వాన తుంపర పడుతూ ఉంటే మాత్రం ఆలోచించండి. తడిసిన బొచ్చు, బురద మంచు, ఆపై వేడి, ఈ మూడూ కలిసిన రోజు కుక్కకు అన్నిటికంటే చెడ్డ రోజు. ఇక్కడ మా దగ్గర కూడా ఆ రోజులు పెరుగుతున్నాయి. 2003, 2015, 2017, 2025 సంవత్సరాల్లో దక్షిణాన మంచు చాలక ఇడిటరాడ్ మొదలును మా ఫెయిర్‌బ్యాంక్స్‌కు మార్చవలసి వచ్చింది. అలాంటి రోజున సఫారీ రద్దు చేసి డబ్బు తిరిగి ఇచ్చే కెన్నెల్ అయితే కళ్ళు మూసుకుని మళ్ళీ అక్కడికే వెళ్ళవచ్చు.

నోరులేనివారి_తరఫున
డబ్బు తిరిగి ఇచ్చే కెన్నెల్ పేరు ఎవరికైనా తెలిస్తే ఇక్కడ రాయండి. నేను ఎక్కను గాని, ఎక్కేవారికి ఆ పేరే చెబుతాను.